పొదుపైన ఇంజిన్, చల్లటి పొగ

సాయంత్రం ఆరున్నర. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర బయల్దేరిన రెండు కార్లు పంజాగుట్ట కూడలి వైపు కదులుతున్నాయి. కదులుతున్నాయనడం మర్యాద కోసమే. రెండూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్, రంగు కూడా ఒకటే అనుకోండి. తేడా ఒక్కటే: ఒకటి పెట్రోలు, ఇంకోటి డీజిల్. దూరం ఒకటిన్నర కిలోమీటరు ఉంటుందేమో. నెత్తిమీది మెట్రో ఆ దూరాన్ని రెండు నిమిషాల్లో దాటేస్తుంది. కింద ఈ రెండిటికీ పది నిమిషాలు పట్టొచ్చు, ఇరవై పట్టొచ్చు. అంతా పంజాగుట్ట దగ్గరి నాగార్జున సర్కిల్ దయ.

ఇప్పుడు రెండు ప్రశ్నలు. ఈ జామ్‌లో ఏ కారు ఇంధనం తక్కువ తాగుతుంది? ఈ జామ్ ఏ కారుకు ఎక్కువ చేటు చేస్తుంది?

రెండింటికీ జవాబు డీజిలే. ఆగి ఆగి కదిలే రోడ్డు మీద పెట్రోలు కారుతో పోలిస్తే డీజిల్‌కు కిలోమీటరుకు మిగిలే డబ్బు హైవే మీదకన్నా ఎక్కువ. అదే రోడ్డు దాని పొగ గొట్టంలోని ఖరీదైన ఫిల్టర్‌ను మసితో పూడ్చేస్తుంది. ఇవి రెండు వేర్వేరు సంగతులైతే ఈ వ్యాసం అవసరమే లేదు. లాభమూ నష్టమూ ఒకే కారణం నుంచి పుట్టాయి. షోరూమ్‌లో "ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు సార్?" అని అడిగే సేల్స్ కుర్రాడు అడిగేది సగం ప్రశ్నే. ఆ కిలోమీటర్లు ఎక్కడ, ఎంత వేగంతో తిరుగుతారన్నది మిగతా సగం. కొనేవాడిని ముంచేది ఆ రెండో సగమే.

నిప్పురవ్వ లేకుండా మంట

సైకిల్ ట్యూబుకు గాలి కొట్టినవాళ్లకు తెలుసు, నాలుగు దెబ్బలు గట్టిగా కొడితే పంపు అడుగుభాగం వేడెక్కుతుంది. గాలిని ఇరుకులోకి తోస్తే అది వేడెక్కి తీరుతుంది. 1890లలో రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజినీరు పట్టుకున్న కొస ఇదే. గాలిని ఇంకా ఇంకా నొక్కితే, దానిలో చల్లిన నూనె దానంతటదే అంటుకునేంత వేడి పుట్టదా? 1897లో ఆగ్స్‌బర్గ్‌లో ఆయన ఇంజిన్ అది నిజమేనని చూపించింది.

పెట్రోలు ఇంజిన్ పద్ధతి వేరు. గాలి, పెట్రోలు ఆవిరి కలిసిన మిశ్రమాన్ని సిలిండర్‌లో పది పదకొండు రెట్లు నొక్కి, స్పార్క్ ప్లగ్‌తో రవ్వ పుట్టించి అంటిస్తుంది. అంతకన్నా ఎక్కువ నొక్కితే రవ్వ పుట్టించిన మంట చేరకముందే మిశ్రమంలో కొంత దానంతటదే అంటుకుని ఇంజిన్ 'నాకింగ్' కొడుతుంది. డీజిల్ ఇంజిన్‌కు ఆ భయం లేదు. అది నొక్కేది వట్టి గాలిని. పదిహేను, పదహారు రెట్లు, కొన్నిట్లో ఇంకాస్త ఎక్కువే నొక్కుతుంది. గాలి ఐదువందల డిగ్రీలు దాటి వేడెక్కాక, సరిగ్గా ఆ క్షణాన డీజిల్‌ను సన్నటి తుంపరగా చిమ్ముతుంది. తుంపర తగలడమే ఆలస్యం, మంట.

ఎంత ఎక్కువ నొక్కితే మంట పుట్టించిన వేడిలో అంత ఎక్కువ భాగం చక్రాలకు పనిగా అందుతుంది. అందుకే డీజిల్ ఇంజిన్ అనుకూల పరిస్థితుల్లో ఇంధనంలోని శక్తిలో నలభై శాతం దాకా రాబడుతుంది. మామూలు పెట్రోలు ఇంజిన్ మూడో వంతు దగ్గర ఆగిపోతుంది. అయితే అంత ఒత్తిడిని తట్టుకోవాలంటే ఇంజిన్ దిమ్మ బరువుగా ఉండాలి, టర్బో కావాలి, తుంపర చిమ్మే ఇంజెక్టర్లు రెండువేల వాతావరణాల ఒత్తిడి దాకా ఓర్చుకోవాలి. కారు టైరులో ఉండేది రెండు వాతావరణాల చిల్లర. డీజిల్ కారు ధర ఎందుకు ఎక్కువో, పాడైన ఇంజెక్టర్ మార్చాల్సి వస్తే బిల్లు ఎందుకు గుండె గుభేలుమనిపిస్తుందో ఈ ఒక్క పోలికతో తెలిసిపోతుంది.

జామ్‌లో గెలుపు ఎక్కడిది?

పై కథ అందరూ చెప్పేదే. అమీర్‌పేట రోడ్డుకు అసలు పనికొచ్చే కథ ఇంకోటుంది.

పెట్రోలు మిశ్రమం సరిగా మండాలంటే ఒక కిలో పెట్రోలుకు పద్నాలుగున్నర కిలోల పైచిలుకు గాలి ఉండాలి. పాళ్లు తప్పకూడదు. మీరు యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే పెట్రోలు తగ్గుతుంది. దాంతోపాటు గాలి కూడా అదే పాళ్లలో తగ్గాలి. అందుకోసం గాలి వచ్చే దారిలో ఒక చిన్న పలక అడ్డంగా తిరుగుతుంది. దాని పేరు థ్రాటిల్. సిగ్నల్ దగ్గర బండి ఊరికే గుర్రుగుర్రుమంటున్నప్పుడు ఆ పలక దాదాపు మూసుకుని ఉంటుంది. పిస్టన్లు మాత్రం కిందికి దిగుతూ గాలిని లాగుతూనే ఉంటాయి. ముక్కు సగానికి పైగా మూసుకుని ఊపిరి పీల్చాల్సి వస్తే ఛాతీకి ఎంత శ్రమో, పిస్టన్లకు అంత శ్రమ. కారు అంగుళం కదలకపోయినా, ఈ పీల్చే కష్టానికే పెట్రోలు కొంత ఖర్చవుతూ ఉంటుంది.

డీజిల్ ఇంజిన్‌కు పాళ్ల పట్టింపు లేదు. గాలి ఎంత వస్తే అంత రానిస్తుంది, బలం తగ్గాలంటే చిమ్మే డీజిల్‌ను మాత్రమే తగ్గిస్తుంది. కొత్త డీజిల్ కార్లలోనూ గాలి దారిలో ఒక పలక ఉంటుంది గానీ దాని పని వేరు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు డీజిల్ సిలిండర్‌లో ఇంధనానికి యాభై రెట్లు, ఇంకా ఎక్కువ బరువు గాలి ఉంటుంది. ఊపిరి హాయిగా ఆడుతుంది, ఇంధనం చుక్కల్లో ఖర్చవుతుంది.

హైవే మీద ఎనభైలో పోతున్నప్పుడు పెట్రోలు కారు పలక కూడా బాగానే తెరుచుకుంటుంది కాబట్టి రెండింటి మధ్య తేడా కుంచించుకుపోతుంది. పంజాగుట్ట జామ్‌లో మళ్లీ సాగుతుంది. తక్కువ వేగంలోనే బలంగా లాగే గుణం డీజిల్‌కు అదనం. రెండో గేర్‌లో క్లచ్ వదిలేస్తే యాక్సిలరేటర్ తొక్కకుండానే పాకుతుంది. నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను వేసుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కినవాళ్లకు ఆ బలం ఎంత సుఖమో వేరే చెప్పక్కర్లేదు.

విడిగా ఒక మాట: లీటరు మాయ

*డీజిల్ మైలేజ్ గొప్పంతా ఇంజిన్‌ది కాదు. కొంత నూనె చిక్కదనానిది. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగితే, లీటరు డీజిల్ 830 గ్రాముల దాకా తూగుతుంది. ఒక్కో లీటరులో శక్తి కూడా పది శాతానికి పైనే ఎక్కువ. అంటే లీటర్లలో కొలిస్తే డీజిల్‌కు పుట్టుకతోనే కొంత మొగ్గు. పొగలోనూ అంతే: లీటరు పెట్రోలు మండితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్, లీటరు డీజిల్ మండితే 2.7 కిలోలకు దగ్గరగా వెలువడుతుంది. కాబట్టి మైలేజ్‌లో నాలుగో వంతు ఎక్కువ ఇచ్చే డీజిల్ కారు భూతాపం లెక్కలో మాత్రం అంత మేలు చేయదు. తేడా పది శాతం లోపే.*

చల్లటి పొగ తెచ్చిన కష్టం

ఇప్పుడు నాణేన్ని తిప్పుదాం. ఇంజిన్‌లో కొద్దిపాటి డీజిల్ మండింది, దానికి యాభై రెట్లకు పైగా గాలి తోడుంది. ఆ కొద్ది వేడి అంత గాలికీ పంచుకుపోతుంది. ఫలితం, సైలెన్సర్ వైపు వెళ్లే పొగ చల్లబడుతుంది. జామ్‌లో నిల్చున్న డీజిల్ కారు పొగ వేడి నూరు, నూటయాభై డిగ్రీల దగ్గర ఉండిపోవచ్చు. పెట్రోలు కారు పొగ అదే సమయంలో మూడొందల డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. వేడిని వృథా చేసే పెట్రోలు ఇంజిన్‌కు ఇక్కడ ఆ వృథాయే వరం. దాని పొగ గొట్టంలో విషవాయువులను విరగ్గొట్టే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు పనిచేయడానికి కావలసిన వేడి సులువుగా దొరుకుతుంది.

డీజిల్‌కు వేడి ఎందుకు? మసిని కాల్చడానికి. తుంపరగా చిమ్మిన డీజిల్ బిందువు చుట్టూ గాలి ఉన్నా, దాని నడిమికి సమయానికి అందదు. అక్కడ సగం కాలిన కార్బన్ మసి అవుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా అమల్లోకి వచ్చిన బీఎస్-6 నిబంధనలు డీజిల్ కారు కిలోమీటరుకు వదలగల మసిని 25 మిల్లీగ్రాముల నుంచి నాలుగున్నరకు దించేశాయి. అంత తక్కువకు దించాలంటే పొగ దారిలో ఫిల్టర్ పెట్టక తప్పదు. అదే డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్. మెకానిక్కులందరికీ 'డీపీఎఫ్'. సన్నని గొట్టాలు వందలకొద్దీ పక్కపక్కన ఉండే పింగాణీ దిమ్మ ఇది. ఒక్కో గొట్టం ఒక చివర మూసి ఉంటుంది కాబట్టి పొగ పక్క గోడ రంధ్రాల్లోంచి దూరి పోవాల్సిందే. మసి గోడకు అంటుకుపోతుంది.

ఏ ఫిల్టరైనా నిండుతుంది. దీన్ని తరచూ విప్పి దులిపే వీలు లేదు గనుక లోపలే కాల్చి శుభ్రం చేసుకోవాలి. మసి మామూలుగా కాలాలంటే 550 నుంచి 600 డిగ్రీల వేడి కావాలి. బండి హైవే మీద నిలకడగా పోతుంటే పొగ వేడెక్కి, మసి కొంత తక్కువ వేడిలోనే మెల్లగా కాలిపోతూ ఉంటుంది. అలా కుదరనప్పుడు కారు కంప్యూటర్ రంగంలోకి దిగుతుంది. కొన్ని వందల కిలోమీటర్లకోసారి, ఫిల్టర్ నిండుతోందని గమనించి, మంట అయిపోయాక కూడా సిలిండర్‌లోకి ఇంకాస్త డీజిల్ చిమ్ముతుంది. ఆ డీజిల్ పొగతో పాటు బయటికి వెళ్లి, ఫిల్టర్ ముందున్న కన్వర్టర్‌లో మండి, వేడిని ఆరొందలకు లేపుతుంది. పని పూర్తి కావడానికి పావుగంట, ఇరవై నిమిషాలు బండి నడుస్తూ ఉండాలి.

అమీర్‌పేట మనిషికి కథ అడ్డం తిరిగేది ఇక్కడే. కాల్చడం మొదలైన ఐదు నిమిషాలకు ఆఫీసు వచ్చేస్తుంది, ఇంజిన్ ఆపేస్తాడు. సాయంత్రం మళ్లీ మొదలవుతుంది, ఇల్లొస్తుంది, మళ్లీ ఆగిపోతుంది. మసి కాలదు. కాల్చడానికి చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల వెంట కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పల్చబడుతుంది, కొలిచే పుల్ల మీద మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. పొదుపు కోసం కొన్న కారు తన ఫిల్టర్ శుభ్రం చేసుకోవడానికే డీజిల్ తగలేస్తోందన్నమాట.

ఈ చిక్కు ఇంజినీర్లకు తెలియనిది కాదు. కానీ పొదుపును చెడగొట్టకుండా పొగను వేడి చేయడం కుదరదు. ఆ వేడి రావాలంటే ఇంధనం మండాలి, మండితే పొదుపు పోయె!

విడిగా ఒక మాట: డ్యాష్‌బోర్డు మీద ఆ పసుపు లైటు వెలిగితే

*డీపీఎఫ్ లైటు వెలిగిందంటే బండి పాడైందని కాదు, కాల్చుకోవడానికి సమయం ఇవ్వమంటోందని. అనుభవమున్న మెకానిక్ చెప్పేది ఒక్కటే: "ఓఆర్ఆర్ ఎక్కించి లాంగ్ కొట్టండి సార్, అదే పోతుంది." మాట మొరటుగా ఉన్నా శాస్త్రం సరిగ్గానే ఉంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు హైదరాబాద్ డీజిల్ కార్లకు దొరికిన పెద్ద కొలిమి. ఒక గేరు తగ్గించి, ఇంజిన్ కొంచెం జోరుగా తిరిగేలా, అరవై దాటిన వేగంతో ఇరవై నిమిషాలు ఆపకుండా పోతే చాలాసార్లు లైటు ఆరిపోతుంది. ఆరకుండా ఇంకో లైటు కూడా తోడైతే సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి. ఇంజిన్ ఆయిల్ విషయంలో పిసినారితనం వద్దు. ఆయిల్ కాలితే మిగిలే బూడిద ఏ వేడికీ కాలదు, ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది. తక్కువ బూడిద మిగిల్చే రకం ఆయిల్ పోయమని మాన్యువల్ చెప్పేది అందుకే.*

బంకులో తేడా ఎవరి చలవ?

2025లో హైదరాబాద్ బంకుల్లో లీటరు పెట్రోలు 107 రూపాయల 46 పైసలు, డీజిల్ 95 రూపాయల 70 పైసలు. దాదాపు పన్నెండు రూపాయల తేడా. డీజిల్ చౌకగా తయారవుతుంది కాబట్టి అనుకుంటారు చాలామంది. కాదు. పన్నులు వేయకముందు రెండింటి ధరా ఇంచుమించు సమానం. తేడా దాదాపు మొత్తం పన్నుల్లోనే ఉంది. కేంద్రం ఎక్సైజ్ సుంకం డీజిల్ మీద కొంత తక్కువ. తెలంగాణ వ్యాట్ పెట్రోలు మీద 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం. ఢిల్లీలో ఇదే కాలంలో పెట్రోలు 94 రూపాయల 77 పైసలు, డీజిల్ 87 రూపాయల 67 పైసలు. అక్కడ తేడా ఏడు రూపాయలే. అంటే ఢిల్లీ పత్రికలో చదివిన 'డీజిల్ కొనాలా వద్దా' లెక్క మన దగ్గర పనికిరాదు. ఇక్కడ ఇంధనం మీద డీజిల్‌కు మొగ్గు ఎక్కువ.

పన్నెండు రూపాయలు కూడా పాతకాలం వాళ్లకు తక్కువే అనిపిస్తుంది. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద నియంత్రణ ఎత్తేసి, డీజిల్‌ను మాత్రం సర్కారు చేతిలో ఉంచుకున్నారు. 2012 మేలో ఢిల్లీలో పెట్రోలు 73 రూపాయలు దాటితే డీజిల్ 41 రూపాయల లోపే. రైతు కోసం, లారీ కోసం ఇచ్చిన సబ్సిడీని జనం ఎస్‌యూవీల్లో పోసుకుని తిరిగారు. ఆ రోజుల్లో దేశంలో అమ్ముడైన ప్రతి రెండు కార్లలో ఒకటికి పైగా డీజిల్‌దే. 2013 జనవరి నుంచి నెలకు అర్ధరూపాయి చొప్పున పెంచుకుంటూ వచ్చి, 2014 అక్టోబర్‌లో డీజిల్ ధరను కూడా మార్కెట్‌కు వదిలేశారు. ఆ తర్వాత బీఎస్-6 ఖర్చు మీదపడింది. మారుతి సుజుకీ 2019 ఏప్రిల్‌లోనే డీజిల్ కార్లు మానేస్తున్నామని ప్రకటించి ఏడాది తిరిగేసరికి మానేసింది. డీజిల్ వాటా అయిదో వంతుకు పడిపోయింది. ఇంజిన్ సూత్రం మారలేదు, సబ్సిడీ పోయి ఖర్చు పెరిగిందంతే.

కాగితం మీద లెక్క

మధ్యతరగతి ఎస్‌యూవీ ఒకటి తీసుకుందాం. కంపెనీలు చెప్పే మైలేజ్ ప్రయోగశాలలో కొలిచింది. ఉదాహరణకు హ్యుందయ్ క్రెటా మాన్యువల్‌కు లీటరుకు పెట్రోలు 17.4, డీజిల్ 21.8 కిలోమీటర్లు అని చెబుతారు. పంజాగుట్టలో ఆ అంకెలను మరిచిపోవచ్చు. ఊళ్లో పెట్రోలు పది, డీజిల్ పద్నాలుగు ఇస్తాయనీ, హైవే మీద పదహారు, ఇరవై ఇస్తాయనీ అనుకుందాం. మీ కారు అంకెలు వేరైతే అవే వేసుకోండి, పద్ధతి ఒకటే.

పైన చెప్పిన హైదరాబాద్ ధరల లెక్కన ఊళ్లో కిలోమీటరుకు పెట్రోలు ఖర్చు 10 రూపాయల 75 పైసలు, డీజిల్ ఖర్చు 6 రూపాయల 84 పైసలు. తేడా 3 రూపాయల 91 పైసలు. హైవే మీద 6 రూపాయల 72 పైసలు, 4 రూపాయల 79 పైసలు. తేడా 1 రూపాయి 93 పైసలు. నెమ్మదైన రోడ్డు మీదే లాభం రెట్టింపు! థ్రాటిల్ పలక కథ డబ్బులోకి మారితే ఇలా ఉంటుంది.

ఇక కొనేటప్పుడు ఎక్కువ పెట్టేది ఎంత? షోరూమ్ ధరలో లక్షన్నర తేడా అనుకుంటే, అది అక్కడితో ఆగదు. తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ ధర మీద శాతం లెక్కన కడతాం. 2022లో పెట్టిన రేట్ల ప్రకారం ఐదు నుంచి పది లక్షల లోపు కారుకు 14 శాతం, పది నుంచి ఇరవై లక్షల దాకా 17 శాతం ఉండేది. ఆ రేటుతో లక్షన్నర మీద 17 శాతమంటే మరో పాతిక వేలు. బీమా కలిపితే తేడా లక్షా ఎనభై వేలకు చేరుతుంది. అప్పు చేసి కొంటే వడ్డీతో రెండు లక్షలు దాటిపోతుంది. ధర పది లక్షల గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. అవే రేట్లతో చూస్తే తొమ్మిది లక్షల అరవై వేల పెట్రోలు కారుకు లైఫ్ ట్యాక్స్ లక్షా ముప్పై నాలుగు వేల చిల్లర. అదే కారు డీజిల్‌లో పది లక్షల అరవై వేలైతే లక్షా ఎనభై వేలు. లక్ష తేడాకు పన్నులోనే నలభై ఐదు వేలు పోతాయి. ఈ లెక్క ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లాక కాదు, బుకింగ్ అడ్వాన్స్ కట్టకముందే వేసుకోవాలి. కొంత ఊరట కూడా ఉంది. నాలుగు మీటర్ల లోపు చిన్న డీజిల్ కార్ల మీద ఇదివరకు పెట్రోలు కార్లకన్నా రెండు శాతం సెస్సు ఎక్కువ పడేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీలో రెండూ 18 శాతమే.

లక్షా ఎనభై వేలను ఊరి తేడాతో భాగిస్తే 46 వేల కిలోమీటర్లు వస్తుంది. హైవే తేడాతో భాగిస్తే 93 వేలు. ఇంత చూసి "అయితే ఊళ్లో తిరిగేవాడికే డీజిల్ మేలు" అనేస్తే బోల్తా పడ్డట్టే. అమీర్‌పేటలో ఉండి సోమాజిగూడలో ఉద్యోగం చేసే మనిషి ఏడాదికి తిరిగేది ఆరువేల కిలోమీటర్లు మించదు. అతనికి ఇంధనంలో ఏడాదికి 23 వేలు మిగిలినా, డీజిల్ సర్వీసింగ్‌కు మూడు నాలుగు వేలు ఎక్కువైతే చేతికి వచ్చేది ఇరవై వేలు. పెట్టింది తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు. ఈలోపు డీపీఎఫ్ ఒక్కసారి మొండికేసిందా, రెండు మూడేళ్ల పొదుపు ఒక్క బిల్లులో కొట్టుకుపోతుంది. ఊళ్లో ఎనిమిది వేలు, విజయవాడ రోడ్డు మీదో వరంగల్ రోడ్డు మీదో పన్నెండు వేలు తిరిగే మనిషికి ఏడాదికి యాభై వేలు మిగులుతాయి. మూడున్నర, నాలుగేళ్లలో లెక్క సరిపోతుంది, ఫిల్టర్ కూడా హైవే మీద తనంతట తాను శుభ్రపడుతుంది.

పెట్రోలు వైపు కొత్తగా ఒక బరువు పడింది. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోలులోకన్నా మూడో వంతు తక్కువ. దానికి తగ్గట్టు తయారు కాని పాత కార్లలో మైలేజ్ ఆరేడు శాతం దాకా తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. మన లెక్కలో పది కిలోమీటర్లు తొమ్మిదిన్నర అయితే కిలోమీటరుకు ఇంకో 56 పైసలు పెరుగుతాయి. ఇథనాల్ మేలు కీడుల మీద వాదులాట చాలా ఉంది, అది ఇంకో వ్యాసానికి సరిపడా సరుకు.

లెక్కలో రాని ఖర్చు

డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో తేల్చింది. పొగాకు పొగ ఉన్న మొదటి వర్గంలోనే దాన్ని చేర్చింది. మసి కణాలు ఎంత సన్నవంటే ఊపిరితిత్తుల అట్టడుగు గదుల దాకా పోతాయి. రెండు పక్కలా ఎత్తైన భవనాలు, నెత్తిన మెట్రో వంతెన ఉన్న రోడ్డులో పొగ తొందరగా చెదిరిపోదు. పంజాగుట్టలోనే నిమ్స్ ఆసుపత్రి ఉంది.

అయినా ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. ఫిల్టర్ సరిగా పనిచేస్తున్న బీఎస్-6 డీజిల్ కారు మసిని గుప్పుగుప్పుమని వదలదు. పంజాగుట్టలో మన కళ్లకు కనిపించే నల్లపొగలో ఎక్కువ భాగం పాత లారీలది, పాత వ్యాన్లది, పాత బస్సులది. 2010 ఏప్రిల్‌లో అంతకుముందరి బీఎస్-4 నిబంధనలు మొదలైన 13 నగరాల్లో హైదరాబాద్ ఒకటి. కానీ అవి దేశమంతటా అమలయ్యేసరికి 2017 వచ్చింది, బయటి బండ్లు మన రోడ్ల మీద తిరగకుండా ఉండవు. డీజిల్‌కు అసలు తలనొప్పి కంటికి కనిపించని నైట్రోజన్ ఆక్సైడ్లు. మంట బాగా వేడిగా, గాలి పుష్కలంగా ఉంటే గాలిలోని నైట్రోజనే మండి ఇవి పుడతాయి. పెట్రోలు కారు కన్వర్టర్ వాటిని సులువుగా విరగ్గొడుతుంది. డీజిల్ పొగలో ఆక్సిజన్ మిగిలిపోయి ఉంటుంది కాబట్టి అక్కడ ఆ విద్య పారదు. కొన్ని మోడళ్లలో విడిగా యూరియా ద్రావణం పోయించేది అందుకే. పరీక్షలో ఒకలా, రోడ్డు మీద ఇంకోలా నడిచేలా సాఫ్ట్‌వేర్ రాసి ఫోక్స్‌వ్యాగన్ 2015లో దొరికిపోయింది కూడా ఈ నైట్రోజన్ ఆక్సైడ్ల దగ్గరే. మన దేశంలో నడుస్తున్న రోడ్డు మీదే పొగను కొలిచే నిబంధన 2023 ఏప్రిల్ నుంచి అమలవుతోంది.

మరి ఎవరికి ఏది?

నా తీర్పు దాచుకోను. ఇల్లు, ఆఫీసు, పిల్లల బడి అన్నీ అమీర్‌పేట, పంజాగుట్ట, బేగంపేట చుట్టూనే ఉన్నవాళ్లు డీజిల్ జోలికి పోకపోవడం మంచిది. వాళ్లకు దాని పొదుపు అందేలోపే దాని రోగం అందుతుంది. నిజానికి ఈ రోడ్డుకోసమే పుట్టినట్టుండేది హైబ్రిడ్. జామ్‌లో ఇంజిన్ ఆపేసి బ్యాటరీతో పాకుతుంది కాబట్టి మూసుకున్న థ్రాటిల్ పలక బెడదే దానికి ఉండదు. టయోటా ఇన్నోవాలో పాత క్రిస్టా డీజిల్‌గానే మిగిలి, 2022 చివర్లో వచ్చిన హైక్రాస్ పెట్రోలు, హైబ్రిడ్లకు మారిపోవడం గాలి ఎటు వీస్తోందో చెబుతోంది. కారు ఊరు దాటి పోనక్కర్లేకపోతే ఎలక్ట్రిక్ కారు ఇంకా సులువు. తెలంగాణ 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ ఆఖరు దాకా ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు పన్నూ రిజిస్ట్రేషన్ ఫీజూ పూర్తిగా ఎత్తేసింది. అసలీ ఒకటిన్నర కిలోమీటరుకు కారెందుకు అనేవాళ్లకు 2018 సెప్టెంబర్ నుంచి మెట్రో ఉంది.

వారం వారం సొంతూరికి వెళ్లేవాళ్లకు, బండి నిండా మనుషులతో తిరిగేవాళ్లకు డీజిల్ ఇంకా లాభమే. అయితే బండిని పదిహేనేళ్లూ తిరగనిస్తారన్న మాట ఎవరూ ఇవ్వలేరు. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద 2015లో హరిత ట్రైబ్యునల్ ఇచ్చిన ఉత్తర్వు హైదరాబాద్‌కు వర్తించదు. 2023లో పెట్రోలియం శాఖ వేసిన సలహా సంఘం మాత్రం పది లక్షల జనాభా దాటిన నగరాల్లో 2027 కల్లా డీజిల్ కార్లను ఆపేయాలని సిఫారసు చేసింది. ప్రభుత్వం దాన్ని ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయినా అలాంటి మాట చెవిన పడ్డ ప్రతిసారీ సెకండ్ హ్యాండ్ బజారులో డీజిల్ కారు అమ్మేవాడి గొంతు కొంచెం తగ్గుతుంది.

కొనేవాడికి అది అవకాశమే గానీ, చూడాల్సినవి చూడాలి. బంకు పక్కన వ్యాన్‌లో ఇచ్చే పొల్యూషన్ సర్టిఫికెట్‌ను నమ్ముకోవద్దు. డీజిల్‌కు అక్కడ కొలిచేది పొగ నలుపు ఒక్కటే, నైట్రోజన్ ఆక్సైడ్లు కాదు. ఊళ్లో మాత్రమే తిరిగిన బీఎస్-6 డీజిల్ కన్నా, ఎక్కువ కిలోమీటర్లు హైవే మీద తిరిగింది చాలాసార్లు మేలు. ఓడోమీటర్ చూసి భయపడకండి, సర్వీస్ రికార్డు అడగండి. ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూడండి. మట్టం పై గీతను దాటి ఉంటే ఆ ఆయిల్‌లో డీజిల్ కలిసిందేమోనని అనుమానించాలి. మొండికేసిన డీపీఎఫ్‌ను కోసి తీసేయించి, లైటు వెలగకుండా కంప్యూటర్‌లో మార్పు చేయించిన బండ్లు కూడా అమ్మకానికి వస్తాయి. వాటిని పట్టుకోవడానికి యంత్రం అక్కర్లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్ గొట్టం లోపల తెల్లగుడ్డతో తుడవండి. ఫిల్టర్ ఉన్న డీజిల్ కారు గొట్టం చాలా టర్బో పెట్రోలు కార్ల గొట్టాలకన్నా శుభ్రంగా ఉంటుంది. గుడ్డకు నల్లటి మసి దట్టంగా అంటుకుంటే బేరం అక్కడితో ఆపేయొచ్చు.